98 బుల్లెట్‌కి కొత్త సైలెన్సర్ వేశాక పట్ పట్ అని పేలుతోంది, జెట్ మార్చాలా?

పేట_350
మాది 98 మోడల్ బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ ఇంజనే, నాన్న బండి. సైలెన్సర్ అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది, వెల్డింగ్ పెట్టిస్తే ఆ వెల్డింగ్ పక్కనే మళ్లీ ఊడింది, రేకు పల్చబడిపోయింది ఇంక అతుకు ఆగదు అన్నాడు. సరే అని ఆన్‌లైన్లో షార్ట్ బాటిల్ సైలెన్సరు, దానితో పాటు బెండ్ పైపు (ఇంజను హెడ్డు నుంచి సైలెన్సర్‌కి వచ్చే వంపు గొట్టం) కూడా తెప్పించి ఇక్కడే నరసరావుపేటలో బిగించాం. ఇప్పుడేమో యాక్సిలరేటర్ వదిలితే చాలు వెనక పట్ పట్ పట్ అని పేలుతుంది. వెనక బ్రాకెట్ బెజ్జం కలవకపోతే మెకానిక్ కాలితో నెట్టి పట్టుకుని బోల్టు దూర్చాడు. డబుల్స్‌లో కోటప్పకొండ ఘాట్ ఎక్కుతుంటే ముందున్న పట్టు లేదు, గేరు తగ్గించాల్సి వస్తుంది. మెకానిక్ మెయిన్ జెట్ (కార్బొరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే బెజ్జం) పెద్దది వేద్దాం అంటాడు. ఇంకొకాయన బ్యాక్ ప్రెషర్ పోయింది, లోపల ఒక వాషర్ వెల్డింగ్ చేయించు అంటాడు. మా అమ్మ మాత్రం నువ్వు వీధి మలుపు తిరగ్గానే తెలిసిపోతుంది, అన్నం వడ్డించేస్తున్నా అంటోంది, ఇప్పటిదాకా అదొక్కటే లాభం. ఏం చేయమంటారు?

ఆటోనగర్_లేత్
బెండ్ పైపు హెడ్డులోకి దూరే చోట ఫొటో పెట్టండి. ఆ తర్వాత మాట్లాడదాం.

కోఠి_కార్బొరేటర్
ఫొటో ఎందుకన్నా, తెల్సిందే కదా. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ ఏసినవు, గాలి ఎక్కువ పోతది, పెట్రోల్ అంతే వస్తది, లీన్ అయితది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచు, పైలెట్ స్క్రూ కొంచెం తిప్పు, అయిపాయె. గింత దానికి చర్చ అవసరం లేదు.

ఆర్ఎక్స్_సీను
బుల్లెట్ సమస్య అంటే ముందు బండి స్టార్ట్ అయిందా అని అడగాలి గురూ, ఇక్కడ పేలుతోంది అంటే కనీసం నడుస్తోందన్నమాట, సంతోషించండి

పేట_350
ఫొటో పెట్టాను చూడండి. హెడ్డు దగ్గర పైపు చుట్టూ నల్లగా మసి కొట్టింది, ముందు ఆ మరక లేదు.

ఆటోనగర్_లేత్
అనుకున్నా. అది లీకు. కోఠి అన్న చెప్పిన జెట్ సంగతి తర్వాత, ముందు ఇది చూడాలి, కారణం చెప్తా.

మీ ఐరన్ బుల్లెట్లో బెండ్ పైపుకి ఫ్లాంజి (నట్లతో బిగించే అంచు) ఉండదు, స్టడ్లు ఉండవు, ప్యాకింగ్ ఉండదు. పైపు ఊరికే హెడ్డు బెజ్జంలోకి టైటుగా దూరుతుంది, అంతే. అక్కడ పట్టి ఉంచేది ఆ బిగుతు, కింద ఫ్రేముకి ఉన్న పట్టీ, వెనక సైలెన్సర్ బ్రాకెట్. ఈ మూడూ కలిసి పైపుని కదలకుండా చూస్తాయి. బోరు ఐరన్ గాని హెడ్డు అల్యూమినియం, పైపు ఇనుము. వేడెక్కితే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా అనిపించిన పైపు బండి వేడెక్కాక లూజు అవుతుంది. అందుకే మీ మెకానిక్ షెడ్డులో స్టార్ట్ చేసి చూస్తే ఏమీ ఉండదు, ఊరు దాటాక పేలుడు మొదలవుతుంది. మీకు కూడా అంతేనా?

ఇక పేలుడు ఎందుకంటే, యాక్సిలరేటర్ మూసినప్పుడు సిలిండర్లో మంట సరిగ్గా అంటుకోదు, కాలని పెట్రోలు ఆవిరి పైపులోకి వస్తుంది. ఊరికే వస్తే ఏమీ కాదు. కానీ పైపులో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, తగ్గిన ప్రతిసారీ ఆ లీకు సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. పెట్రోలు ఉంది, గాలి వచ్చింది, పైపు కాలుతోంది, ఇంక పేలక ఏం చేస్తుంది. దీనికి మెయిన్ జెట్ పెంచినంత మాత్రాన ఆ సందు మూసుకోదు.

పేట_350
అవును సార్, పొద్దున తీయగానే ఏమీ ఉండదు, చిలకలూరిపేట రోడ్డు ఎక్కాకే మొదలు.

కోఠి_కార్బొరేటర్
లీకు ఉందంటే ఉండనీ, నేను కాదంటలేను. కానీ ఘాట్ల పట్టు పోయిందన్నడు కదా, అది లీకుతోని పోదు. అది లీన్ తోనే పోతది. రెండూ చూడాలె.

కరీంనగర్_కిక్కు
కోఠి అన్న మాట కరెక్టే గని వరుస ముఖ్యం. లీకు బంద్ చేయకుండ జెట్ ఏస్తే నీకు ఏది దేనివల్ల అయిందో ఎన్నటికీ తెల్వదు.

యెజ్డీ_బాబాయ్
మా యెజ్డీలో ఈ గొడవ లేదు. ఒకే సిలిండరు, రెండు పైపులు, రెండు సైలెన్సర్లు, ఒక్కోదానికి రింగు నట్టు. కాకపోతే ఆ నట్టు విప్పడానికి కొక్కెం పానా ఉండాలి, అది లేక మన మెకానిక్కులు ఉలి పెట్టి సుత్తితో కొడతారు, అందుకే ఆంధ్రదేశంలో రెక్కలు విరగని యెజ్డీ నట్టు చూపిస్తే నేను కాఫీ ఇప్పిస్తా.

ఆర్ఎక్స్_సీను
బాబాయ్ రెండు సైలెన్సర్లంటే తుప్పు కూడా డబుల్ కదా

యెజ్డీ_బాబాయ్
అదీ నిజమే.

పెద్దాయన_వైజాగ్
బ్యాక్ ప్రెషర్ విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను చూశాను, సైలెన్సర్ లేకుండా బండి నడిపిన వాళ్లకి వాల్వులు కాలిపోయాయి. ఇంజనుకి కొంత ఎదురు ఒత్తిడి ఉండాలి. వాషర్ వెల్డింగ్ అన్న ఆయన మాట తీసేయొద్దు.

ఆటోనగర్_లేత్
పెద్దాయనా, వాల్వు కాలడం నిజం, కారణం వేరు. ఎదురు ఒత్తిడి ఏ ఇంజనుకీ అవసరం లేదు, పొగ ఎంత సులువుగా పోతే అంత మంచిది. సైలెన్సర్ తీసేస్తే మిశ్రమం పల్చబడుతుంది, పల్చటి మిశ్రమం వేడిగా, నిదానంగా కాలుతుంది, ఆ వేడికి ఎగ్జాస్ట్ వాల్వు అంచు పోతుంది. కింది ఆర్‌పీఎంలో పట్టు పోవడానికి కారణం కూడా పైపు లావు, పొడవు మారిపోవడం. పాత పైపు సన్నగా ఉంటే పొగ వేగంగా పోతూ వెనకున్నదాన్ని కూడా లాక్కుపోతుంది. ఎక్కువ లావైన పైపులో ఆ ఊపు ఉండదు. వాషర్ పెడితే దారి ఇరుకవుతుంది తప్ప ఊపు రాదు.

పేట తమ్ముడూ, పాత బెండ్ పైపు ఉంటే దాని బయటి లావు, కొత్తదాని బయటి లావు వెర్నియర్‌తో కొలిచి చెప్పు. హెడ్డు వైపు చివర ఒక కొలత, సైలెన్సర్ వైపు చివర ఒక కొలత. వెర్నియర్ లేకపోతే దగ్గర్లో ఏ లేత్ షాపుకి వెళ్లినా కొలిచిస్తారు.

ఆర్ఎక్స్_సీను
ఇప్పుడు సీరియస్‌గా ఒక మాట. మీ నాలుగు స్ట్రోకుల వాళ్లకి సైలెన్సర్ అంటే సౌండు తగ్గించే డబ్బా. మా ఆర్ఎక్స్ 100 లాంటి రెండు స్ట్రోకుల బండికి అది సగం ఇంజను. ఆ పైపు మధ్యలో లావై మళ్లీ సన్నబడేది ఊరికే కాదు, వెళ్లిన ఒత్తిడి అల చివర గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చి, పోర్టులోంచి బయటికి జారిపోతున్న పచ్చి మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. 98 సీసీ నుంచి 11 హార్స్ పవర్ తీశారంటే ఆ పైపు చలవ కూడా ఉంది. మావోళ్లు దాన్ని కోసి పొట్టి చేసి సౌండ్ అదిరింది అంటారు, పికప్ పోయిందని మళ్లీ వాళ్లే ఏడుస్తారు. బ్యాక్ ప్రెషర్ అన్న మాట బహుశా మా దగ్గర్నుంచే మీ దగ్గరికి వచ్చి ఉంటుంది పెద్దాయనా

సత్తెనపల్లి_సుబ్బు
సీనూ నా ఆర్ఎక్స్‌లో లోపల కార్బన్ పట్టేసింది, కాస్టిక్ సోడా పోయమంటున్నారు, పోయొచ్చా?

ఆర్ఎక్స్_సీను
సైలెన్సర్ విప్పి బండికి దూరంగా పెట్టుకుని అయితే చేస్తారు, కానీ కళ్లకి అద్దాలు, చేతులకి గ్లోవ్సు లేకుండా ముట్టుకోకు, చర్మం లేచిపోతుంది. నీళ్లలో సోడా వెయ్యాలి, సోడా మీద నీళ్లు కాదు. ఒక్క చుక్క కూడా హెడ్డు మీదా బ్లాకు మీదా పడకూడదు, అల్యూమినియంని తినేస్తుంది. మా ఊళ్లో అయితే బాఫిల్ (సైలెన్సర్ లోపలి గొట్టం) బయటికి లాగి కట్టెల మంటలో కాల్చి దులుపుతారు, సైలెన్సర్ మొత్తం మంటలో పెడితే మాత్రం క్రోము పోతుంది. ఇంకేమన్నా ఉంటే వేరే చర్చ పెట్టు, ఇది బుల్లెట్ వాళ్ల దుఃఖం.

నైట్‌షిఫ్ట్
నాకు మెకానిజం తెలీదు. నేను రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఏడింటికి పడుకుంటాను, మా సందులో ఇలాంటి బాటిల్ సైలెన్సర్ బండి ఒకటి ఉంది, రోజూ దాంతోనే లేస్తాను. మీ అమ్మగారికి అన్నం వడ్డించే టైము తెలుస్తోంది సరే, సందులో మిగతా నలభై ఇళ్లకి కూడా మీరొచ్చారని తెలియాలా?

కోఠి_కార్బొరేటర్
బుల్లెట్ అన్నంక సౌండు ఉండాలె కదక్కా/అన్నా ఎవరైతే వాళ్లు. సౌండ్ లేకపోతే స్కూటీ కొనుక్కుంటరు.

కరీంనగర్_కిక్కు
సౌండు వేరు, లొల్లి వేరు అన్నా. పాత ఐరన్ బుల్లెట్ స్టాక్ సైలెన్సర్‌తోని ధగ్ ధగ్ అంటే చాయ్ తాగుకుంట వినబుద్ధయితది. ఈ బాటిల్‌ది పగిలిన సౌండు. పైగా చలాన్. మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్ద కాలుష్యానికి 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితేనే పది వేల దాకా ఫైను, లేకుంటే మూడు నెలల దాకా జైలు, లేకుంటే రెండూ, లైసెన్సు మూడు నెలలు చెల్లదు. పోలీసులు సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్ ఎక్కించే వీడియోలు చూసే ఉంటరు.

పేట_350
నాకు సౌండు పిచ్చి లేదండి, ఫిటింగ్ తెలిసినోళ్లు చౌకగా వస్తుందన్నారని అది తెప్పించా. నైట్‌షిఫ్ట్ గారూ మా వీధిలో అంత ఇళ్లు లేవు గానీ మీరన్నది నిజమే, ఎదురింట్లో పసిపాప ఉంది, రాత్రిళ్లు మలుపు నుంచి ఇంజను ఆపి నెట్టుకుంటూ వస్తున్నా.

ఆర్ఎక్స్_సీను
వంద అరవై కేజీల పైన ఉన్న బండి నెట్టుకుంటూ! జిమ్ము ఖర్చు మిగిలింది

పేట_350
కొలతలు తెచ్చా. సైలెన్సర్ వైపు పాతదానికీ కొత్తదానికీ పెద్ద తేడా లేదు. హెడ్డు వైపు మాత్రం కొత్త పైపు బయటి లావు పాతదాని కంటే దాదాపు ఒక మిల్లీమీటర్ తక్కువ. ఇంకో సంగతి, లేత్ అతను హెడ్డు బెజ్జం కూడా చూసి గుండ్రంగా లేదు, కింది వైపు కొంచెం సాగింది అన్నాడు. దానికేం చేయాలి? హెడ్డు మార్చాలా?

ఆటోనగర్_లేత్
హెడ్డు మార్చక్కర్లేదు, కంగారు పడకు. ఆ సాగడం ఎందుకు వచ్చిందో ముందు చెప్తా. వెనక బ్రాకెట్ సరిగ్గా లేకపోతే సైలెన్సర్ బరువంతా పైపు మీద, పైపు బరువు హెడ్డు బెజ్జం మీద పడుతుంది. బుల్లెట్ వైబ్రేషన్ సంగతి తెలిసిందే. ఇనుప పైపు ఆ బెజ్జంలో ఊగుతూ ఊగుతూ మెత్తటి అల్యూమినియాన్ని అరగదీస్తుంది. ఇది పాత సైలెన్సర్ చిల్లు పడి అతుకులతో నడిచిన రోజుల్లోనే మొదలై ఉంటుంది. ఇప్పుడు బ్రాకెట్ కాలితో నెట్టి బిగించారన్నావు చూడు, అది ఇంకా ప్రమాదం, పైపు ఎప్పుడూ ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది.

చేయాల్సిన పని ఇది. పైపు హెడ్డు వైపు చివరకి లేత్ మీద సన్నటి స్టీలు స్లీవు (తొడుగు) చేయించు, పైపు మీద టైటుగా ఎక్కాలి, అంచు వెల్డింగ్ చేసి మళ్లీ లేత్ మీద ఒక పట్టు పట్టి చదును చేయాలి. కొలత హెడ్డు బెజ్జం చూసి తీయాలి, పాత పైపు చూసి కాదు, ఎందుకంటే బెజ్జం మారింది. చేత్తో తోస్తే సగం వెళ్లి ఆగాలి, మిగతాది చెక్క ముక్క అడ్డం పెట్టి కొడితే వెళ్లాలి. సుత్తితో నేరుగా పైపు మీద కొట్టనివ్వకు, క్రోము సొట్టపడుతుంది. లోపలికి పెట్టే ముందు సైలెన్సర్ పేస్టు పల్చగా రాయి, బెజ్జం సాగిన చోట అది నింపుతుంది. రాత్రంతా ఆరనిచ్చి, మొదట కొద్దిసేపు ఐడిలింగులో వేడి చేసి ఆపు.

బిగించే వరుస మర్చిపోవద్దు. అన్ని బోల్టులూ వదులుగా పెట్టుకో. ముందు పైపు హెడ్డులో పూర్తిగా కూర్చోవాలి. తర్వాత కింది పట్టీ. తర్వాత సైలెన్సర్ క్లాంపు. అన్నిటికంటే చివర వెనక బ్రాకెట్. బెజ్జం కలవకపోతే బ్రాకెట్‌నే కోసి కొత్త పట్టీ వేయించు, యాభై వంద రూపాయల పని. వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు బిగిస్తే పైపు బయటికి లాగేసుకుంటుంది, మన దగ్గర సగం లీకులు ఇలా వచ్చేవే.

యెజ్డీ_బాబాయ్
స్లీవు బదులు కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి చుట్టి దూర్చేవాళ్లం మా రోజుల్లో.

ఆటోనగర్_లేత్
రోడ్డు మీద ఆగిపోతే చేయొచ్చు బాబాయ్, ఇంటికి చేరుస్తుంది. ఆ రేకు అల్యూమినియం, పల్చన, కొన్నాళ్లకి నలిగి కాలి వచ్చేస్తుంది.

మామూలోడు
ఎం సీల్ పెట్టొచ్చా

ఆటోనగర్_లేత్
నీళ్ల ట్యాంకుకి పెట్టు.

పెద్దాయన_వైజాగ్
బ్యాక్ ప్రెషర్ గురించి లేత్ గారు చెప్పింది మా అబ్బాయి కూడా అదే చెప్పాడు, వాడు మెకానికల్ ఇంజనీరు. సరే. నేను వేరే విషయం అడుగుతాను. మేము సముద్రం పక్కన ఉంటాం, సైలెన్సర్ పైన మెరుస్తూనే ఉంటుంది, లోపల్నుంచి తింటుంది. ఉప్పుగాలి లోపలికి ఎలా వెళ్తుంది?

కరీంనగర్_కిక్కు
ఉప్పుగాలి కాదు సార్, నీళ్లు. లీటరు పెట్రోల్ కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరై సైలెన్సర్ లోంచే పోతయ్. దూరం పోతే పైపు వేడికి అంతా బయటికి పోతది. ఇంటి నుంచి మార్కెట్, మార్కెట్ నుంచి ఇల్లు అన్నట్టు నడిపితే సైలెన్సర్ వేడెక్కేలోపే బండి ఆపుతరు, ఆవిరి లోపలే చల్లారి నీళ్లై అడుగున నిలుస్తది, దాంట్ల పొగలోని ఆమ్లం కలుస్తది. అందుకే తుప్పు ఎప్పుడూ అడుగునే. మా బాపు రోజూ సందు చివరి హోటల్ దాక బుల్లెట్ మీద పోయేది, ఆయన సైలెన్సర్ ఎన్నడూ ఎక్కువ కాలం నిలవలే. నేను అన్నిటికంటె కిందున్న చోట 3 మిల్లీమీటర్ల బెజ్జం కొట్టిన, పొద్దున స్టార్ట్ చేస్తే చుక్కలు చుక్కలు కారుతది.

కోఠి_కార్బొరేటర్
బెజ్జం కొడితే అక్కణ్నే తుప్పు మొదలయితది, నేనైతే కొట్ట. వారానికొకసారి బండిని లాంగ్ తీస్కపో, అదే మందు.

నైట్‌షిఫ్ట్
లాంగ్ అంటే పొద్దున ఏడు తర్వాత వద్దు దయచేసి.

పేట_350
పని అయింది. స్లీవు వేయించా, బ్రాకెట్ కోయించి కొత్త పట్టీ పెట్టించా, లేత్ సార్ చెప్పిన వరుసలోనే దగ్గరుండి బిగించా. మెకానిక్‌కి కొంచెం కోపం వచ్చింది గానీ టీ తాగాక సర్దుకున్నాడు. వేడెక్కాక వెనక గొట్టానికి మందపాటి గుడ్డ ఒక్క క్షణం అడ్డం పెడితే ముందు హెడ్డు దగ్గర ఉస్స్ అనేది, ఇప్పుడు అనట్లేదు. పేలుడు తొంభై శాతం పోయింది. కానీ ఎక్కువ స్పీడు నుంచి ఒక్కసారిగా వదిలితే ఒకటీ అరా పట్ మంటుంది. ఇంకోటి, బెండ్ పైపు మొదట్లో బంగారం రంగు తిరిగి ఇప్పుడు నీలంగా అవుతోంది. ఘాట్లో పట్టు ఇంకా పూర్తిగా రాలేదు.

కోఠి_కార్బొరేటర్
ఇప్పుడు నా టైము. ఇప్పుడైతే జెట్ చూడొచ్చు కదా లేత్ అన్నా?

ఆటోనగర్_లేత్
ఇప్పుడు మీదే పీట. కానీ జెట్ కంటే ముందు టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, చూడమని చెప్పండి, ఆ రవ్వని కాంటాక్ట్ పాయింట్లు విడిపోయి పుట్టించే బండి కదా.

కోఠి_కార్బొరేటర్
అవ్, అది కరెక్టే. పేటన్నా, పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలె. టైమింగ్ పూర్తిగా రిటార్డ్ ల (వెనక్కి) ఉన్నప్పుడు పిస్టన్ పైకి రావడానికి 0.8 మిల్లీమీటర్ ముందు పాయింట్లు విడిపోవాలె. టైమింగ్ వెనక్కి పోతే మంట ఆలస్యంగ అంటుకుంటది, వేడంతా సిలిండర్ల కాకుండ పైపుల పడతది, పైపు నీలం అయితది, ఘాట్ల పట్టు పోతది. నీ రెండు లక్షణాలు అవే. సింగిల్ రేకు బెండ్ పైపు ఎట్లయినా కొంచెం రంగు మారుతది, దానికి భయపడకు, గని మొదటి వంపు దాటి కిందికి నీలం పాకితే అది వేడి ఎక్కువైనట్టే.

అది అయినంక ప్లగ్గు చూడు. ఐడిలింగుల చూస్తే లాభం లేదు. ఖాళీ రోడ్డు మీద, హెల్మెట్ పెట్టుకొని, టాప్ గేర్ల కొంచెం దూరం ఫుల్ గుంజి, ఒక్కసారే క్లచ్ పట్టి ఇంజన్ బంద్ చేసి పక్కకు ఆపి, చల్లారనిచ్చి ప్లగ్గు విప్పు. చాయ్ రంగు ఉంటె జెట్ ముట్టుకోకు. సున్నం లెక్క తెల్లగుంటె ఒక సైజు పెంచు, ఒక్కటే. నల్లగ మసి ఉంటె నువ్వు చెప్పింది నేను నమ్మ.

ఆర్ఎక్స్_సీను
కోఠి అన్న మొదట్లోనే జెట్ అన్నాడు, చివరికి జెట్ ముట్టుకోకు అంటున్నాడు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా

కోఠి_కార్బొరేటర్
నీ ఆర్ఎక్స్ కి ఆయిల్ పంపు పని చేస్తలేదని నాకు తెల్సు సీను, ఎక్కువ మాట్లాడకు.

పేట_350
టైమింగ్ బాగా వెనక్కి ఉందట. సరిచేశాక కిక్కు కొంచెం ఎదురు తంతోంది గానీ ఘాట్ మూడో గేరులో ఎక్కింది, ఇద్దరం ఉన్నాం. ప్లగ్గు చాయ్ రంగు కంటే ఒక పిసరు లేత. జెట్ అలాగే ఉంచేశా. స్టాక్ టైపు సైలెన్సర్ ఒకటి విజయవాడలో చూసి వచ్చా, లోపల పలకలున్నది, పాత పొడవే, ఈ స్లీవు వేసిన పైపుకే సరిపోతుందట. 2028లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది కాబట్టి ఎలాగూ అది ఉండటమే మంచిది. ఈ బాటిల్ ఎవరికైనా కావాలంటే చెప్పండి.

కరీంనగర్_కిక్కు
మంచి పని. పొల్యూషన్ టెస్టుకు పోయే ముందుగాల కూడా లీకు చూసుకో, లీకుంటె బయటి గాలి కలిసి రీడింగ్ తప్పు వస్తది. 2000 మార్చి లోపు తయారైన బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాక ఒప్పుకుంటరు, సులువుగ పాసయితవు.

యెజ్డీ_బాబాయ్
కిక్కు ఎదురు తంతోందంటే ఆంపియర్ ముల్లు చూసి డీకంప్రెషర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే మీట) నొక్కి కొట్టు నాయనా, మడమ జాగ్రత్త.

సూర్యాపేట_క్లాసిక్
నాది 2012 క్లాసిక్ 350, నాకూ హెడ్డు దగ్గర మసి కొడుతోంది. నేను కూడా ఈ స్లీవే వేయించుకోవచ్చా?

ఆటోనగర్_లేత్
వద్దు. మీది వేరే ఇంజను, పైపుకి ఫ్లాంజి, రెండు స్టడ్లు, మధ్యలో ప్యాకింగ్ ఉంటాయి. ప్యాకింగ్ మారిస్తే చాలావరకు పోతుంది. నట్లు విప్పేటప్పుడు మాత్రం ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి, బలవంతంగా తిప్పితే స్టడ్ హెడ్డులోనే విరుగుతుంది, అప్పుడు నా దగ్గరికి రావాల్సి వస్తుంది. బిగించేటప్పుడు రెండు నట్లూ కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించండి.